పరాజయ ప్రణాళిక

ఎన్నికలలో ఓడినవానికి ధరావతు పోవును, వ్యాజ్యమున ఓడినవానికి ఇల్లు పోవును, జూదమున ఓడిన ధర్మరాజునకు ఏమేమి పోయినదో లోకవిదితమే. కాని ఎంత నిశ్శేషముగా ఓడిన అంత ఘనమైన పారితోషికమునకు అర్హత కల్పించు ధర్మశాస్త్రమొకటి అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ లీగగు ఎన్‌బీఏలో చిరకాలముగా అమలులో నున్నది.

శాస్త్రసారము సులభము. ఏటేట క్రొత్తగా వచ్చు యువక్రీడాకారులను వరించు డ్రాఫ్టు అను స్వయంవరమున, వెనుకబడిన జట్లకు ముందు వరుస లభించును. కోరి ఓడువారిని అరికట్టుటకై 1985లో లాటరీ నొకదానిని ప్రవేశపెట్టిరి గాని, మన కథాకాలమున అట్టడుగు జట్టునకు ప్రథమస్థానము దక్కు అవకాశము నూటికి 25 వంతులుండెడిది. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో వలె అడుగున నిలిచినవారిని క్రింది శ్రేణికి దింపివేయు నిర్దయ ఇచ్చట లేదు. కావున నడుమ ఎక్కడనో నిలిచి అవస్థపడుటకన్న కడపటిదగు ముప్పదవ స్థానమున సుఖముగా పవళించుటయే వివేకమని, లెక్కలు తెలిసినవాడెవడైన ఒకనాడు కనుగొనక తప్పదు.

అట్టి లెక్కలరాయడు శామ్ హింకీ, స్టాన్‌ఫర్డులో వ్యాపారవిద్య నభ్యసించినవాడు, 2013లో ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ జట్టునకు జనరల్ మేనేజరై వచ్చెను. వచ్చీరాగానే, చక్కగా ఆడుచున్న జ్రూ హాలిడేను ఇచ్చివేసి, మోకాలు చెడి ఏడాది పొడవునా ఆడజాలని నెర్లెన్స్ నోయెల్‌ను తెచ్చుకొనెను. మరుసటి యేట ఎన్నుకొన్న జోయెల్ ఎంబీడ్ పాదపుటెముక విరిగి రెండు సీజన్లు బెంచీకే అంకితమయ్యెను. అదే డ్రాఫ్టు రాత్రి సంపాదించిన డారియో షారిచ్ మరి రెండేండ్లు టర్కీలోనే ఆడుచుండెను. మోకాలు లేనివాడొకడు, పాదము లేనివాడొకడు, దేశముననే లేనివాడు వేరొకడు! వీరి నడుమ మైకేల్ కార్టర్-విలియమ్స్ అను యువకుడు మాత్రము పొరబాటున బాగుగా ఆడి, తొలి సీజనుననే ఉత్తమ నూతన క్రీడాకారుడను బిరుదు కూడ పొందినందున, మరుసటి సీజను నడిమధ్యలోనే ఆతనిని సగౌరవముగా సాగనంపిరి.

ఫలితము ప్రణాళికను మించినది. మొదటి యేట 63 ఓటములు, అందు 26 ఎడతెగనివి. రెండవ యేట 64. మూడవ యేట 72. రెండు సీజన్ల మీదుగా నిష్ఠతో సాగిన 28 ఓటముల వ్రతము 2015 డిసెంబరు 1వ తేదీన భగ్నమైనది. ఆ రాత్రి కోబీ బ్రయంట్ తన జన్మస్థలమున కడపటిసారి ఆడ వచ్చియుండగా, అతిథిమర్యాద నెరుగని మన జట్టు ఆతని జట్టగు లేకర్స్‌ను ఓడించెను. ఇంత చేసియు, 1972–73లో తమ పూర్వులే తొమ్మిది గెలుపులతో స్థాపించిన కీర్తిస్తంభమును వీరు అందుకొనజాలరైరి, పది గెలిచిరి.

కోర్టులో దిగిన కుర్రవాండ్రు ఓడవలెనని ఆడలేదు, శిక్షకుడు బ్రెట్ బ్రౌన్ ఓడుడని బోధింపలేదు. గెలువజాలనివారిని ఏరికూర్చి, ప్రాణమొడ్డి పోరాడుడని పంపుటలోనే పైవారి ప్రతిభ యంతయు నున్నది. ఓడినవాడు కోర్టులోనే ఏడ్చె ననియు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చె ననియు మన సామెత. ఫిలడెల్ఫియాలో ఏడ్చినది ఆ ఇరువురును కారు, టిక్కెట్టు కొన్నవాడు. టిక్కెట్టు మీద నేటి తేదీ వేసి, ఆట మాత్రము నాలుగేండ్ల తరువాత చూపెదమనిరి. అయినను ఆ భక్తులు ‘ప్రక్రియను విశ్వసింపుడు’ అను మంత్రమును జపించుచునే యుండిరి. ఎంబీడ్ ఆ ‘ప్రక్రియ’నే తన ముద్దుపేరుగా ధరించెను!

2016 ఏప్రిలున హింకీ పదమూడు పుటల లేఖ వ్రాసి నిష్క్రమించెను. అందు అబ్రహాం లింకన్ ఉన్నాడు, వారెన్ బఫెట్ ఉన్నాడు, న్యూజీలాండున అంతరించిన మోవా పక్షి కూడ నున్నది. ఆ వెనుకనే డ్రాఫ్టున ప్రథమస్థానము దక్కి బెన్ సిమ్మన్స్ వచ్చెను. వచ్చి, పాదము విరుగగొట్టుకొని, ఆచారము తప్పక తొలి సీజనంతయు కూర్చుండెను. ఎంబీడ్ 2023లో లీగునకే అత్యుత్తమ క్రీడాకారుడయ్యెను గాని, 2001 తరువాత ఆ జట్టు కాన్ఫరెన్సు ఫైనల్, అనగా లీగు సెమీఫైనల్, గడప త్రొక్కనే లేదు.

లీగువారు ఆలస్యముగనైనను మేల్కొని, 2019 నుండి అడుగు మూడు జట్లకును సమానముగా నూటికి 14 వంతులు పంచిరి. ఆ సంస్కరణఫలము డెట్రాయిట్ జట్టు అనుభవించినది. వరుసగా రెండేండ్లు అందరికన్న అడుగున నిలిచి, 2023–24లో ఒక్క సీజనులోనే 28 ఆటలు ఎడతెగక ఓడి, మొత్తముమీద పదునాలుగే గెలిచి, ఇంత తపస్సు చేసినందులకు డ్రాఫ్టున రెండుమారులును అయిదవ స్థానమునే పొందినది. రెండవమారు ప్రథమస్థానము నూటికి 3 వంతుల అవకాశముగల అట్లాంటాకు పోయినది. డెట్రాయిట్ శిక్షకుడు మాంటీ విలియమ్స్‌తో ఆరేండ్లకుగాను ఏడున్నర కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందమున్నను, ఒక్క సీజను కాగానే ఆయనకు సెలవిచ్చి, మిగిలిన అయిదేండ్ల జీతపు బాకీని లెక్కలలో వ్రాసికొనిరి.