గాలికి దారి ఏదీ?

మా అమ్మ కొత్త పొయ్యి వేసుకునే రోజున చేతిలో తడిమట్టి పట్టుకుని వంటగదిలో అటూ ఇటూ తిరిగేది. ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసుకునేది. ఆ తరవాతే పొయ్యి నోరు ఎటు తిప్పాలో నిర్ణయించేది. రాయగడలో మాది నాటుపెంకుల ఇల్లు. గోడ నేరుగా పెంకుల్ని తాకేది కాదు, చూరు దగ్గర జానెడు సందు వదిలేవారు. వానాకాలం ఆ సందులోంచి జల్లు కొట్టేది, చలికాలం నాగావళి గాలి దూరేది. చిన్నప్పుడు నాకు చిరాకేసి ‘మూసెయ్యరాదా’ అని అడిగితే, ‘మూసేస్తే పొగ నీ కళ్లలోకి వస్తుందిరా’ అంది.

మా వైపు ఆడవాళ్లెవరూ ఆ సంగతి బడిలో నేర్చుకోలేదు. కుంపటి ముందు కూర్చున్న ఆరేళ్ల పిల్లకి కూడా తెలిసేది, కింద నోరు బూడిదతో పూడిపోతే పైన ఎన్ని బొగ్గులు వేసినా రాజుకోవని. పుల్ల పెట్టి బూడిద లాగేది, విసనకర్రతో నాలుగుసార్లు ఊపేది, అంతే. చల్లటి గాలి కిందనుంచి రావాలి, వేడి గాలి పైనుంచి పోవాలి. ఏ వేడికైనా ఇదే లెక్క. మట్టిపొయ్యికీ ఇదే, బేకరీ బట్టీకీ ఇదే, నేను ముప్పై ఏళ్లు పనిచేసిన కాగితం మిల్లులో మోటారు ప్యానెళ్లకీ ఇదే.

ఇప్పుడు లక్షలు పోసి కట్టుకునే వంటింట్లో ఆ లెక్క అడిగేవాడు ఒక్కడూ లేడు. నా బాధ అది.

కిందటి జూన్‌లో కోరాపుట్ నుంచి మా కోడలు ఫోన్ చేసింది. “మావయ్యగారూ, ఓవెన్ మధ్యలో ఆగిపోతోందండీ. రేపే పొహిలి రొజో. పక్కింటి మావుసీ, నేనూ కలిసి పొడొ పిఠా పెట్టాం. నలభై నిమిషాలకి టప్పున ఆరిపోయింది.”

పొహిలి రొజో అంటే రొజో పండగలో మొదటి రోజు. ఆ పండగ మూడు రోజులూ భూదేవికి విశ్రాంతి అని ఒడియా వాళ్ల నమ్మకం. ఆ రోజుల్లో ఆడవాళ్లు రుబ్బరు, దంచరు, పొయ్యి జోలికి పోరు. అందుకే పిఠా ముందురోజు రాత్రే కాల్చుకోవాలి. మా చిన్నప్పుడు మా వీధిలో ఒడియా ఇళ్లవాళ్లు బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి కలిపి, అరిటాకులో చుట్టి, గిన్నెలో పెట్టి, ఆరిన పొయ్యిలో నిప్పుల మీద దింపేవారు. మూత మీద కూడా నిప్పులు పరిచేవారు. మేం దిబ్బరొట్టెకి చేసే పనే అది, కాకపోతే వాళ్లది రాత్రంతా. తెల్లారి ఆకు విప్పితే అంచులు నల్లగా, లోపల తేనెరంగులో ఉండేది. పైనా కిందా సన్నటి వేడి, తొందర లేకుండా. బిల్ట్ ఇన్ ఓవెన్ చేసే పని కూడా అచ్చంగా అదే. పైన ఒక ఎలిమెంటు, కింద ఒక ఎలిమెంటు. అందుకే కోడలు దాన్ని కొనుక్కుంది. కొనుక్కున్నందుకు నేను ఏమీ అనను, మంచి వస్తువే.

మెకానిక్ అప్పటికే వచ్చి వెళ్లాడట. కంట్రోల్ బోర్డు పోయింది, మారిస్తే తొమ్మిది వేలవుతుందన్నాడట. నేను ఒక్కటే అడిగాను. “రాత్రి ఆగిపోయింది సరే. పొద్దున్న పెడితే పనిచేసిందా?” పనిచేసింది అంది. మళ్లీ నలభై నిమిషాలకి ఆగింది అంది.

బోర్డు పోతే పోయినట్టే ఉంటుంది. మామూలుగా రాత్రి పోయి పొద్దున్నకి తిరిగిరాదు. వేడెక్కినప్పుడు ఆగి, చల్లారాక తనంతట తాను లేస్తోందంటే లోపల రక్షణ కోసం పెట్టిన థర్మల్ కటౌట్ తన పని తాను చేస్తోందన్నమాట. మిల్లులో ప్యానెల్ తలుపు జల్లెడకి కాగితపు పీచు పట్టేస్తే రిలే ఇలాగే ట్రిప్ అయ్యేది. కొత్త కుర్రాళ్లు రిలే మార్చమనేవారు. మా ఫోర్‌మన్ ముందు జల్లెడ దులపమనేవాడు. నూటికి తొంభైసార్లు ఆయన మాటే నిజమయ్యేది.

హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రాయగడ నుంచి కొండలెక్కుతూ, సొరంగాలు దాటుతూ కోరాపుట్ చేరేసరికి గాలి చల్లబడుతుంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఇంత చల్లటి ఊళ్లో, ఆ వంటింట్లోకి వెళ్లి ఓవెన్ పక్కనున్న అలమర తలుపు మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా కాలుతోంది. లామినేటు ఒకచోట బుడగలా ఉబ్బింది. ఇంకో ఏడాది పోతే అది ఊడి వచ్చేది.

మెయిన్‌లో ఎంసీబీ దించి, ఓవెన్ తలుపు తెరిచి, రెండు పక్కలా ఫ్రేములో ఉన్న స్క్రూలు విప్పాం. ముప్పై కిలోలకి పైగా ఉంటుంది, ఒక్కడు లాగకూడదు. అబ్బాయీ నేనూ కలిసి ముందుకి జరిపి టార్చి వేసి చూస్తే నాకు కడుపు మండిపోయింది. వెనక గోడకి ఆనించి ప్లైవుడ్ పలక బిగించేశారు. కింద అర అంతా ఒకే పలక, వేలు దూరే కంత లేదు. అడుగున పాదం దగ్గర స్కర్టింగు గోడలా మూసేశారు. పైన కూడా అంతే. ఒక పెట్టెలో పొయ్యిని పెట్టి నాలుగు వైపులా మేకులు కొట్టినట్టుంది. ఎందుకిలా చేశారని వంటగది బిగించినవాళ్లకి ఫోన్ చేస్తే, ‘కోత పెడితే బొద్దింకలు దూరతాయండీ, ఫినిషింగ్ పాడవుతుంది’ అన్నారు. నునుపు కోసం ఊపిరి ఆపేశారు.

బిల్ట్ ఇన్ ఓవెన్ నడిచే పద్ధతి ఏమిటంటే, పైభాగంలో పొడుగాటి డోలులాంటి కూలింగ్ ఫ్యాను ఒకటుంటుంది. అది అలమర లోపలి గాలిని లాగి, ఓవెన్ గదికీ వైర్లకీ మధ్యగా తోలి, తలుపుకీ మీటల పలకకీ మధ్యనున్న సందులోంచి మన ముందుకి వదులుతుంది. లోపల 200 డిగ్రీలున్నా, దాని నెత్తిన ఉన్న బోర్డు బతుకుతోందంటే ఆ గాలి చలవే. మరి అలమరలోకి కొత్త గాలి వచ్చే దారే లేకపోతే? ఆ ఫ్యాను అదే వేడి గాలిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది. పక్క పలకలూ, వాటి జిగురూ కనీసం 90 డిగ్రీలు తట్టుకునేవి కావాలని చాలా కంపెనీలు పెట్టెతో ఇచ్చే పుస్తకంలోనే రాస్తాయి. వెనక ఎంత ఖాళీ, కింద ఎంత కోత అన్నది బొమ్మ వేసి మరీ చూపిస్తాయి. ఆ పుస్తకం మా కోడలి సొరుగులో ప్లాస్టిక్ కవరు చింపకుండా ఉంది. వడ్రంగికి దాన్ని చూపించినవారు లేరు, చూపించమని అతను అడగనూ లేదు. మా రోజుల్లో గ్రైండరు కొన్నా కాగితం ముందు చదివి, తరవాత ప్లగ్గు పెట్టేవాళ్లం.

ఓవెన్ సరిగ్గా వీపు వెనకే పదహారు ఆంపియర్ల సాకెట్టు. వేడికి గోధుమరంగు తిరిగింది, ఒక పిన్ను దగ్గర కరిగింది. సాకెట్టు పక్క అలమరలో, చెయ్యి అందేచోట ఉండాలి. 3 కిలోవాట్ల ఓవెన్ 13 ఆంపియర్లదాకా లాగుతుంది. దానికి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరుతో విడిగా లైను, విడిగా ఎంసీబీ, నమ్మకమైన ఎర్తింగు కావాలి. ఫ్రిజ్జు లైనులోంచి ముడేసి ఇచ్చే పని కాదు అది.

మేం చేసింది పెద్ద విద్యేమీ కాదు. వెనక పలక తీసి పారేశాం. దాంతో గోడకీ ఓవెన్‌కీ మధ్య అయిదు సెంటీమీటర్ల ఖాళీ వచ్చింది. కింద అర పలకకి వెనక అంచు పొడవునా అయిదు సెంటీమీటర్ల వెడల్పున కోత కోయించాం. స్కర్టింగులో జాలీ పెట్టించాం, సన్నటి స్టీలు వల వేయించాం, బొద్దింకల గొడవ తీరింది. ఫ్యాను డోలుకి పట్టిన నూనె జిడ్డునీ దూదిలాంటి దుమ్మునీ పాత బ్రష్షుతో పొడిగా గోకాను. సాకెట్టు పక్క అలమరలోకి మార్పించాను. మొత్తం పన్నెండు వందల లోపు అయ్యింది.

తరవాత కోడలిని అగరొత్తి వెలిగించి తెమ్మన్నాను. ఓవెన్ పెట్టి, పది నిమిషాలాగి, అడుగున జాలీ దగ్గర అగరొత్తి పట్టుకున్నాను. పొగ ముందు నిటారుగా లేచింది. చూస్తుండగానే నడుము వంచి, దారంలా సాగి, జాలీలోకి వెళ్లిపోయింది. పైన తలుపు సందు దగ్గర అరచెయ్యి పెడితే గోరువెచ్చటి గాలి తోస్తోంది. ‘చూశావామ్మా, ఇప్పుడు ఊపిరి పీలుస్తోంది’ అన్నాను. మా అమ్మ చూరు సందు నాకప్పుడు కళ్లకి కట్టింది.

ఇంకో పొరపాటు మా కోడలిదే. పిఠా దించగానే గోడ మీద స్విచ్చి కట్టేసేది. కరెంటు ఎందుకు దండగ అని. ఆ పొదుపు బుద్ధి మంచిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఓవెన్ ఆపాక కూడా ఫ్యాను పది, ఇరవై నిమిషాలు తిరుగుతుంది, తిరగాలి. అప్పుడు లోపలి వేడంతా పైకి, బోర్డు మీదకే ఎక్కుతుంది. సరిగ్గా ఆ సమయంలో మెయిన్ తీసేస్తే ఫ్యాను చచ్చి, వేడి బతికుంటుంది. ఫ్యాను తనంతట తాను ఆగేదాకా స్విచ్చి ముట్టుకోవద్దని చెప్పాను.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టిన మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు పుట్టింది. అది మా ఇంటిదాకా వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. అప్పుడు ఒక్క బల్బు వెలిగితే గుడ్డిదా, ప్రకాశమా అని ఇంటిల్లిపాదీ చూసేవాళ్లం. దాన్నిబట్టే వోల్టేజి తెలిసేది. ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలు చాలావరకు 150 వోల్టులకీ 230కీ ఒకేలా వెలుగుతాయి, మనకేమీ చెప్పవు. ఓవెన్ మాత్రం చెబుతుంది. వోల్టేజి 230 నుంచి 190కి పడితే వేడి ఆ మేరకే తగ్గుతుందనుకుంటారు. కాదు, వర్గం లెక్కన తగ్గుతుంది. మూడింట ఒక వంతు వేడి పోయినట్టే. మా మేనకోడలు రాయగడలో చోడిపిండి కేకు పచ్చిగా ఉండిపోయిందని నెల రోజులు పిండిని తిట్టుకుంది. నేను సాయంత్రం ఏడింటికి మీటరు పెట్టి చూస్తే 188 చూపించింది. మధ్యాహ్నం కాల్చుకోమన్నాను. మధ్యాహ్నం 225 ఉంది, కేకు పొంగింది.

కరెంటు పోయి వచ్చాక గడియారం అంకెలు మిణుకుమంటుంటే చాలా ఓవెన్లు టైము పెట్టేదాకా పనే చెయ్యవు. దానికీ మెకానిక్‌ని పిలిచి డబ్బిచ్చినవాళ్లని ఎరుగుదును.

వానాకాలంలో కోరాపుట్‌లో ఇంకొకటి వస్తుంది. నెలా రెండు నెలలు వాడకుండా ఉంచిన ఓవెన్ పెట్టగానే, కరెంటు ఎర్తులోకి కారితే లైను తెంచేసే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎలిమెంటు గొట్టంలో తీగ చుట్టూ నింపే మెగ్నీషియం ఆక్సైడు పొడి చెమ్మని పీల్చుకుంటుంది, కరెంటు సన్నగా ఎర్తులోకి కారుతుంది. తెలిసినవాడైతే ముందు ఇన్సులేషన్ పరీక్ష చేస్తాడు, చెమ్మే అయితే ఎలిమెంటు విప్పి ఆరబెడతాడు. తీగ తెగిందేమోనని ఓమ్స్ కూడా చూస్తాడు. 2000 వాట్ల ఎలిమెంటు 26 ఓమ్స్ దగ్గర చూపాలి. తెలియనివాడు ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టు ఇచ్చేస్తాడు. ఇలా డైరెక్టు ఇచ్చిన ఇల్లొకటి నా కళ్లతో చూశాను. ఆ ఇంట్లో పాకే పిల్ల ఉంది. ఆ పూటే ఎంసీబీ దించి, లైను ఊడదీసి, ఇంటాయన మీద అరిచి వచ్చాను. అరిచినందుకు నాకేం బాధ లేదు.

కోరాపుట్‌లో ఆ రాత్రి మావుసీ మళ్లీ పిండి కలిపింది. అరిటాకు పరిచి, 150 డిగ్రీల మీద గంటన్నర పెట్టారు. ఓవెన్ ఎక్కడా ఆగలేదు. దించాక మేం ముగ్గురం వంటింట్లో బల్లల మీద కూర్చుని ఫ్యాను చప్పుడు వింటూ ఉండిపోయాం. పద్దెనిమిదో నిమిషానికి అది ఆగింది. అప్పుడు మా కోడలు లేచి స్విచ్చి కట్టింది.

వచ్చే నెల రాయగడలో మా మేనల్లుడి కొత్తింటికి వంటగది బిగిస్తున్నారు. వడ్రంగి కొలతలు తీసుకునే రోజు ముందుగా చెప్పమన్నాను. టేపూ, పెన్సిలూ సంచిలో పెట్టుకున్నాను.