ఎయిర్ లాక్ సూత్రానికి టీకా తాత్పర్యాలు

మూలం: “ఎయిర్ లాకే అన్నా, మామూలే. ఫిల్టర్ మార్చేసి సెల్ఫ్ కొడుతూ ఉండు, అదే పోతుంది.”

అవతారిక: గుట్టల్లో ఆగిపోయిన డీజిల్ జీపు యజమానికి, ఊళ్లో ఫ్యాను కింద కూర్చున్న సాటి జీపు స్వామి ఫోనులో చేసిన ఉపదేశం ఇది. కర్త ఫలానా అని చెప్పలేం. ఫోర్‌బైఫోర్ బళ్లవాళ్లు నలుగురు చేరిన ప్రతిచోటా వినిపిస్తుంది కనుక అపౌరుషేయమనే అనుకోవాలి. ప్రతిపదార్థం రాయడం లేదు. షెడ్డులో పానాలందించే కుర్రాడికి కూడా ఈ పదాలు తెలుసు. మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మెదకు సీమకు చెందిన ఆ మహానుభావుడికి కాళిదాసు దొరికాడు కాబట్టి ప్రతిజ్ఞ చెల్లింది. ఇక్కడ మూలంలో ఏమీ లేదు. బయటినుంచి తెచ్చుకోక తప్పదు.

టీక: డీజిల్ దారిలో గాలి చొరబడితే పంపు ఆ గాలినే నొక్కుతూ కూర్చుంటుంది, ఇంజెక్టర్లకు ఒత్తిడి అందదు, బండి ఆగుతుంది. ఇంతవరకు మూలకారుడు చెప్పింది సంభవమే. కాని ఫిల్టరు విప్పడమంటే ఇంకాస్త గాలిని లోపలికి పిలవడం. పాత డీఐ ఇంజన్‌లో కొత్త ఫిల్టరు వేశాక దాని బ్లీడ్ స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీది చేతిపంపు కొడుతూ ఉండాలి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్ వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించాలి. ఎయిర్ తీయడం అంటే ఇదే. ఇది మూలంలో లేదు. సెల్ఫ్ కొట్టమన్న విధి ఉంది. దాన్ని భక్తితో పాటిస్తే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫ్ మోటారు కాలుతుంది, ఒక జబ్బు మూడవుతుంది. పైగా గాలి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది పీల్చే దారి. అక్కడ రబ్బరు గొట్టం నెర్రె విచ్చినా, రాగి వాషరు సరిగా కూర్చోకపోయినా, చుక్క డీజిల్ కారకుండానే గాలి లోపలికి పోతుంది. కింద తడి లేదు కనుక లీకు లేదనడం చెల్లదు.

విశేషం: లీకు కంటికి కనబడనప్పుడు పొగను అడగాలి. పొగను చూసి నిప్పును ఊహించడం మన తార్కికుల పాత విద్య. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడే. కొండమీద పొగ ఉంది, కాబట్టి నిప్పుంది, వంటింట్లో లాగా. దీన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలంటే శాస్త్రం ఒప్పుకోదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. తడి కట్టె తోడైతేనే పొగ. ఆ తోడునే ఉపాధి అన్నారు. పాపం, వాళ్లకు కనబడింది కట్టెపొగ ఒక్కటే. డీజిల్ పొగలో మూడు రంగులు: ఇంధనానికి తగ్గ గాలి అందకపోతే నలుపు, ఇంజన్ ఆయిలు కాలుతుంటే నీలం, డీజిల్ కాలకుండా బయటికొచ్చినా కూలెంట్ లోపలికి దిగినా తెలుపు. అన్నంభట్టుకే ఒక జీపు ఉండి ఉంటే అనుమానఖండం రెండింతలయ్యేది. ఇంతకీ మూలకారుణ్ని మరిచిపోయాం. ఎయిర్ లాక్ అయితే బండి ఆగుతుంది, బండి ఆగింది, కాబట్టి ఎయిర్ లాక్ అంటున్నాడాయన. అంటే నిప్పున్నచోటల్లా పొగ చూస్తున్నాడు. సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్లో పొగ వస్తోందా అని ఒక్క మాట అడిగితే చాలు. అసలు రాకపోతే డీజిల్ అందడం లేదని అనుమానించవచ్చు. తెల్లగా వస్తుంటే డీజిల్ అందుతోంది, కాలడం లేదు. అప్పుడు ఫిల్టరు మార్చి ఏం లాభం?

పూర్వపక్షం: ఆపదలో ఉన్నవాడికి తర్కపాఠమా, వెంటనే ఏదో ఒకటి చెప్పొద్దా అని ఆక్షేపణ. చెప్పాలి, కాని ఏ బండికి? 2010లో వచ్చిన థార్‌లోనే పాత డీఐ ఇంజనూ ఉంది, సీఆర్‌డీఈ ఇంజనూ ఉంది. 2020 థార్‌కు పెట్రోలు ఇంజన్ కూడా వచ్చింది. డీఐలో అవసరమైతే ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీస్తారు. అదే కిటుకు సీఆర్‌డీఈకి చెబితే, 1000 బార్లు దాటే ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. ఇక్కడ హాస్యానికి తావు లేదు. ఊరికే చేసే సాయానికి ఇన్ని పరీక్షలా అన్నది రెండో ఆక్షేపణ. మూలకారుడు మంచివాడే. అర్ధరాత్రి పిలిచినా తాడు వేసుకుని వస్తాడు, బురదలో పడుకుని హుక్కు ఛాసిస్‌కు గట్టిగా ఉందో లేదో చూసిగానీ లాగడు, చుట్టూ ఉన్నవాళ్లను దూరం జరగమంటాడు. తాడు తెగితే తగిలేది తన కళ్లముందు, మాట తప్పితే తగిలేది ఎక్కడో గుట్టల్లో. తాడు విషయంలో అన్ని జాగ్రత్తలు తెలిసినవాడికి మాట విషయంలో ఒక్కటీ గుర్తురాదు.

తాత్పర్యం: ఏ ఇంజన్, ఎలా ఆగింది, పొగ ఎలా ఉంది అని అడిగాకే మందు చెప్పాలి. సాయం పొందినవాడికీ ఒక విధి ఉంది. “సెట్ అయింది అన్నా, థాంక్స్” అనే ఉత్తరవాక్యంతో అతను మాయమవుతాడు. ఏం మార్చారో, ఎక్కడ పీల్చిందో చెప్పడు. మూలకారుడేమో తన మాటే ఫలించిందనుకుని తర్వాతివాడికి మళ్లీ అదే సూత్రం చదువుతాడు. ఫలానా చోట వాషరు మార్చాం అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఈ మూలం వ్యాఖ్యాత దాకా వచ్చేదే కాదు.