అంతరిక్ష నౌక పడితే ఫరవాలేదు

మళ్ళీ వచ్చింది ఈమెయిలు. "ప్రియమైన రెసిడెంట్, మీ రెంటర్స్ ఇన్సూరెన్స్ రుజువు మాకు అందలేదు."

అందకపోవడమేమిటి, నా శ్రాద్ధం! పంపించాను. పంపిన ప్రతిసారీ ఏదో ఒక వంక. ఓసారి అపార్ట్‌మెంటు కంపెనీ పేరు చివర ఎల్‌ఎల్‌సీ లేదన్నారు. అది చేర్పిస్తే చిరునామా తప్పట. నేనుండేది హ్యూస్టన్‌లో, అపార్ట్‌మెంటూ హ్యూస్టన్‌లోనే, దాని ఆఫీసు మా వంటింటి కిటికీలోంచి కనపడుతుంది. అయినా కాయితం మీద ఉండాల్సింది మాత్రం ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న పోస్టుబాక్సు నంబరు. అదీ దిద్దించాక, లీజులో పేరుకీ పాలసీలో పేరుకీ పొంతన లేదన్నారు. పొంతన ఎలా ఉంటుంది? లీజులో ఇంటిపేరు ముందుంది, పాలసీలో వెనకుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఇరుక్కుంది కాబట్టి వీసా మీద మొదటి పేరు ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టారు, తెలియదని దాని భావం. మా తాతగారు ముహూర్తం చూసి, బియ్యంలో ఉంగరంతో రాసి, చెవిలో మూడుసార్లు చెప్పి పెట్టిన పేరు ఈ దేశానికి తెలియదు.

ఇంతకీ నా సామాన్ల మీద వాళ్ళకెందుకంత ప్రేమ అని మొదట్లో మురిసిపోయాను. లీజు చదివితే తెలిసింది, ఆ ప్రేమ నా సామాన్ల మీద కాదు. అందులో అడిగింది లక్ష డాలర్ల లయబిలిటీ. అంటే నేను పోపు మాడ్చి వంటిల్లు తగలబెట్టినా, స్నానాల తొట్టి పొంగించి కింది వాటా పైకప్పు ఊడగొట్టినా వాళ్ళ భవనానికి డబ్బు రావాలి. నా సోఫా ఏమైతే వాళ్ళకెందుకు? రుజువు చూపించకపోతే వాళ్ళే ఏదో రక్షణ పథకంలో పడేసి, ప్రతి నెలా అద్దెతో కలిపి వసూలు చేస్తారు. దాన్లో నా చెంచాకి కూడా చోటు లేదు. ఎవరి ఇంటికో భయపడి ఎవరో ప్రీమియం కట్టడం, కట్టినందుకు రుజువులు మోసుకు తిరగడం! నెలకి పోయేది పదిహేనో ఇరవయ్యో డాలర్లే. డబ్బు గురించి కాదండీ నా ఏడుపు.

కట్టాం కదా, చదువుదామని పాలసీ తీశాను. ఏయే ఆపదలొస్తే డబ్బిస్తారో 16 రకాలు వరసగా రాశారు. అగ్ని, పిడుగు, గాలివాన, వడగళ్ళు, పేలుడు, అల్లర్లు, దొంగతనం. బాగుంది. అగ్నిపర్వతం. హ్యూస్టన్‌లో! ఈ చుట్టుపక్కల కొండ కాదు కదా, గట్టిగా ఒక దిబ్బ కూడా లేదు. విమానం వచ్చి పడినా ఇస్తారు, అందులో క్షిపణులూ అంతరిక్ష నౌకలూ కూడా చేరతాయని విడిగా రాశారు. నాసా వారి జాన్సన్ స్పేస్ సెంటర్ ఈ ఊళ్ళోనే ఉంది కనక ఇది కొంత ముందుచూపే అనుకోవాలి.

ఆ తర్వాత పరిమితులు. ఇంట్లో నగదు పోతే 200 డాలర్ల దాకా. నగలు దొంగలెత్తుకెళితే అన్నీ కలిపి 1,500. ఇవాళ్టి ధరలో దానికి రెండు కాసుల బంగారం కూడా రాదు. తుపాకులు పోతే మాత్రం 2,500! మా ఆవిడ ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసి, "అయితే ఏవండీ, నా నాంతాడు అమ్మేసి రెండు తుపాకులు కొనుక్కుందామా?" అంది. వెండి సామానుకీ 2,500 ఉంది. కనక మా అబ్బాయి అన్నప్రాశనకి వచ్చిన వెండి గిన్నె, ఆవిడ మెళ్ళో గొలుసు కంటే ఎక్కువ గౌరవం పొందింది. నగలకి విడిగా పాలసీ రాయించుకోవచ్చట, వాటి విలువకి సర్టిఫికెట్ తెస్తే. మన తరుగూ మజూరీ ఆ సర్టిఫికెట్టులో ఏ గళ్ళో రాస్తారో అడిగాను. ఏజెంటు గారు మన తెలుగాయనే, పెద్దగా నవ్వి మాట మార్చేశారు.

మార్చిన మాట ఏమిటంటే, ఇంట్లో వస్తువులన్నిటికీ జాబితా రాసుకోమన్నారు. వస్తువు, ఎప్పుడు కొన్నది, ఎంతకి కొన్నది, బిల్లు. టీవీ, లాప్‌టాప్, సోఫా, మంచం చిటికెలో అయిపోయాయి. వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను.

స్టీలు గిన్నెలు. ఎప్పుడు కొన్నారు? కొనలేదు, వచ్చాయి. ఎంతకి? వచ్చినవాటికి ధర అడగం. బిల్లు? చదివింపులకి బిల్లెవడిస్తాడు? కానీ ఏ బిల్లూ చెప్పలేనన్ని సంగతులు ఆ గిన్నెల అంచుల మీదే ఉన్నాయి. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఏ శుభకార్యానికి, ఏ తేదీన, అన్నీ చుక్కలు చుక్కలుగా చెక్కించి మరీ ఇచ్చారు. స్టీలు కొట్లో మిషను గిర్రుమంటుంటే పక్కన నిలబడి, "ఆ వత్తు సరిగ్గా వెయ్యి నాయనా" అని దగ్గరుండి రాయించే జాతి మనది.

తీరా ఒక్కొక్కటే తిప్పి చదువుతుంటే తేలిందేమిటంటే, వాటిలో సగం మావి కావు. ఒక పళ్ళెం మీద ఎవరిదో గృహప్రవేశం, 1994. ఆ ఇల్లు అమ్ముకుని వాళ్ళు బెంగుళూరు వెళ్ళిపోయారని విన్నాం, పళ్ళెం మాత్రం సముద్రాలు దాటి టెక్సాస్ చేరింది. ఒక డబరా మీద మా పెళ్ళి తేదీ ఉంది, పేర్లు మావి కావు. అదే ముహూర్తానికి పక్క కల్యాణమండపంలో జరిగిన పెళ్ళి తాలూకు డబరా అయ్యుండాలి. మా పేర్లున్న డబరాలో ఆ దంపతులు ఇన్నాళ్ళూ పాలు కాచుకుంటున్నారన్నమాట.

"ఆ మూతగిన్నె రాయకండి, అది మనది కాదు" అంది మా ఆవిడ.

"మరెవరిది?"

"డాలస్ వదినగారిది. ఉసిరావకాయ పెట్టిచ్చారు."

"తిరిగివ్వలేదా?"

"ఉత్త గిన్నె ఎలా ఇస్తామండీ? ఏదైనా చేసి పెట్టి ఇవ్వాలి."

"మరి మన మూతగిన్నె ఏది?"

"వాళ్ళింట్లో ఉంది. ఆవిడా ఏదైనా చేసి పెట్టిద్దామనే ఉంచుకుంది."

ఇక క్లెయిము సంగతి ఊహించుకోండి. ఇల్లు కాలిందనుకుందాం. అడ్జస్టరు మసిబారిన గిన్నె ఎత్తి పట్టుకుని, "అయ్యా, ఈ పేరు మీది కాదే? దీని మీదున్నదీ మీది కాదే? అసలు మీ పేరున్న గిన్నె ఒక్కటైనా ఉందా?" అంటే ఏం చెప్పాలి? నేనే ఓ చిన్న దొంగల ముఠా నడుపుతున్నానని రాసుకుంటాడు. దీనికీ పాలసీలో జవాబుంది. పరాయివాళ్ళ వస్తువు మనింట్లో ఉండగా పాడైతే, మనం కోరితే దానికీ డబ్బిస్తారట. మన వస్తువు ప్రపంచంలో ఎక్కడున్నా వర్తిస్తుందట కూడా. అంటే వదినగారి మూతగిన్నెకి నా పాలసీ, డాలస్‌లో ఉన్న నా మూతగిన్నెకీ నా పాలసీయే. వదినగారు ఏ పాలసీ కట్టకుండానే నిశ్చింతగా ఉన్నారు.

ఎంతిస్తారన్నది ఇంకో కథ. రీప్లేస్‌మెంట్ కాస్ట్ తీసుకుంటే కొత్తది కొనుక్కునే ధర ఇస్తారు. లేకపోతే ఇన్నేళ్ళ అరుగుదల తీసేసి మిగిలింది చేతిలో పెడతారు. స్టీలు అరగదు మహానుభావా, ఇన్నేళ్ళలో అరిగింది మేమే.

ఇంత రాసినవాళ్ళు రాయనిది ఒకటుంది. నీళ్ళు. పైపు పగిలి ఇంట్లోకి నీళ్ళొస్తే ఇస్తారు. అదే నీరు నేల మీదుగా గుమ్మం దాటి వస్తే అది వరద, పాలసీకి సంబంధం లేదు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినప్పుడు టెక్సాస్‌లో ఒకచోట 60 అంగుళాలకి పైగా వాన పడింది. పడమటి హ్యూస్టన్‌లో ఆడిక్స్, బార్కర్ జలాశయాల పక్కన ఉన్న ఇళ్ళు చాలా మునిగాయి. అగ్నిపర్వతం రాలేదు. అంతరిక్ష నౌక పడలేదు. వచ్చిందల్లా నీరే. వరద పాలసీ లేనివాళ్ళు నానిపోయిన పరుపులు వీధిలో పారేసి, విపత్తు సాయానికి దరఖాస్తులు పెట్టుకున్నారు.

మా లంకలో 1986 ఆగస్టులో గోదావరి ఇంట్లోకి వచ్చింది. ఇన్సూరెన్సు అన్న మాటే ఎవరికీ తెలీదు. మేం పెదనాన్నగారి మేడ మీదికి చేరాం. పాలసీలో దీన్ని లాస్ ఆఫ్ యూజ్ అంటారు, కారణం వరద కాకపోతే హోటలు ఖర్చు ఇస్తారు. నీరు తీశాక బురదలోంచి గిన్నెలు ఏరి అరుగు మీద పోస్తే, ఊళ్ళో ఆడవాళ్ళు పేర్లు చదివి ఎవరివి వాళ్ళకి పంచారు. మా అమ్మకి ఒక బిందె తప్ప అన్నీ తిరిగొచ్చాయి. ఇక్కడ నా పక్కవాటాలో ఉన్నాయన పేరు నాకు తెలీదు. లిఫ్టులో కనపడితే ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం. ఆయనింటికి ఇంతవరకు నా గిన్నె ఏదీ వెళ్ళలేదు.

సరే. అమెరికా గల్ఫ్ తీరంలో అద్దెకుండే తెలుగువాళ్ళకి ఒక మాట. వరద పాలసీ విడిగా కొనుక్కోవాలి. 1968లో పెట్టిన ప్రభుత్వ పథకం ఉంది, అద్దెకున్నవాళ్ళకి సామాన్ల మీద లక్ష డాలర్ల దాకా ఇస్తుంది. మామూలుగా కొన్న 30 రోజులకి గాని అమల్లోకి రాదు. టీవీలో తుపాను సుడి తిరగడం చూసి కొంటే, అది వచ్చి, ముంచి, వెళ్ళిపోయాక మొదలవుతుంది. తుపాన్ల కాలం జూన్ 1న మొదలు. కాబట్టి ఏప్రిల్‌లోనే కొనండి. దీనికి రుజువు పంపమని మా లీజింగ్ ఆఫీసు ఇంతవరకు ఒక్క ఈమెయిలు కూడా రాయలేదు.