425 డిగ్రీల బెండకాయ

ఇర్వింగ్, టెక్సాస్

నాన్నకీ, అమ్మకీ మీ రత్నం రాయునది.

ఈ సంగతి ఫోనులో చెప్పడం నావల్ల కాక రాస్తున్నాను. ఫోనులో అయితే నేనొక మాట అనేలోపు అమ్మ నాలుగు అందుకుంటుంది, నాన్న వెనకనుంచి "స్పీకరు పెట్టవే" అంటారు. ఇద్దరికీ చెరో సగం వినబడుతుంది. వినబడనిది ఊహించేసుకుని, మర్నాడు పొద్దున్నే బలిఘట్టం గుడికి వెళ్ళి నా పేరున అభిషేకం చేయించేస్తారు. కాబట్టి నాన్న ఇది పైకి చదవాలి. అమ్మ ఆఖరిదాకా మాట్లాడకూడదు.

మొన్న అమ్మ అడిగింది ఇదీ: "ఏటే, కూరలు పొయ్యి లోపల పడేసి తలుపు మూసేస్తున్నావంట! వండుకోడానికి ఓపిక లేకా, ఒంట్లో బాగోకా?" వీడియో కాల్‌లో చూసిన అత్త ఊరంతా చెప్పేసిందని అర్థమైంది. దాని వెనకే నాన్న అనుబంధ ప్రశ్న: "అది ఎన్ని వాట్లు?"

చిన్న ప్రశ్నలు ముందు తేల్చేస్తాను. చలి పోయింది, స్వెట్టర్లు పంపొద్దు. తుపాకులు నాకెక్కడా ఎదురుపడలేదు. ఆవకాయ ఉంది. చోడవరం సంబంధం వాళ్ళ ఫొటో చూశాను, తర్వాత మాట్లాడదాం. ఆ "తర్వాత"కి తేదీ అడక్కండి.

ఇక పొయ్యి. ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లోనూ పొయ్యి పైన నాలుగు బర్నర్లు, కింద తలుపున్న ఇనప పెట్టె ఉంటాయి. ఆ పెట్టే ఓవెన్. మైక్రోవేవ్ కాదమ్మా, అది వేరు. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో చాలావరకు దీన్ని అల్మరాగానే వాడతారు. కుక్కరు, ఇడ్లీ రేకులు, పెళ్ళిలో వచ్చిన స్టీలు డబ్బాలు, అన్నీ అందులోనే. పిల్లలెవరైనా కేకు చేస్తామంటే ముందు సామానంతా హాల్లోకి తరలించాలి. దానికి భయపడే చాలామంది కేకులు బయట కొంటారని నా అనుమానం.

నాన్నా, మీ జవాబు. ఇక్కడ గోడ ప్లగ్గుల్లో వచ్చేది 120 వోల్టులే. ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ మధ్యలోంచి న్యూట్రల్ తీస్తారు. దానికి అటు 120, ఇటు 120, రెండు చివరల మధ్యా 240. కరెంటు ఓవెన్‌కి ఆ 240 ఇస్తారు, విడిగా బ్రేకరు ఉంటుంది. వాట్లు రెండు మూడు వేలు. ఎర్తింగ్ ఉంది. మీరు మళ్ళీ అడుగుతారని తెలుసు గనక మళ్ళీ రాస్తున్నాను: ఎర్తింగ్ ఉంది.

ఇప్పుడు డిగ్రీలు. నేను కూరగాయలు కాల్చేది 425 డిగ్రీల మీద. కంగారు పడకండి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు 140 దాటితే దాని ఆవిరి అంటుకుంటుందని చిన్నప్పుడు నన్ను సబ్‌స్టేషనుకి తీసుకెళ్ళినప్పుడల్లా చెప్పేవారు కదా, ఆ లెక్కన మీకు ఇప్పుడు నా ఇల్లు తగలబడుతూ కనిపిస్తుంది. ఈ 425 ఫారెన్‌హైట్. లోకమంతా దాదాపుగా వదిలేసిన ఈ కొలత వీళ్ళు మాత్రం వదల్లేదు. ఫారెన్‌హైట్ అనే ఆయన 1724లో ప్రకటించిన స్కేలులో మంచు కరిగేది 32 దగ్గర, నీళ్ళు మరిగేది 212 దగ్గర. అందుకని 425లోంచి 32 తీసేస్తే 393, దాన్ని అయిదుతో హెచ్చవేసి తొమ్మిదితో భాగిస్తే 218 సెంటీగ్రేడ్. జ్వరం మాత్రం మనమూ 102 అనే చెప్పుకుంటాం. మనకి ఫారెన్‌హైట్ జ్వరానికి, వీళ్ళకి వంటకి.

మీటల సంగతి. "బేక్" అంటే వేడి ప్రధానంగా కింద నుంచి. "బ్రాయిల్" అంటే నెత్తిమీద నుంచి, పక్కకి తిరిగి చూసేలోపు పని పూర్తి చేసేస్తుంది. "కన్వెక్షన్" అంటే వెనకాల ఫ్యాను తిరిగి వేడిగాలిని కూరల చుట్టూ తిప్పుతుంది, అప్పుడు పాతిక డిగ్రీలు తగ్గించి పెట్టాలి. మీ వదినగారింట్లో ఈమధ్య కొన్న ఎయిర్ ఫ్రయ్యరు ఉందే, అది ఈ ఫ్యాను ఓవెన్‌నే చిన్నది చేసి పేరు మార్చి అమ్మడం. అందులో ఫ్రై లేదు, ఎయిరే ఉంది. ఇక ఓవెన్ వేడెక్కాక కుయ్‌మంటుంది. నమ్మకూడదు. వేడెక్కింది లోపలి గాలి మాత్రమే, గోడలకి ఇంకా టైము కావాలి. తలుపు తీస్తే ఆ గాలీ పోతుంది. ఇంకో పావుగంట ఆగాలి.

లోపల పెట్టే పళ్ళెం కొలత 18 అంగుళాలు బై 13. దాన్ని "హాఫ్ షీట్" అంటారు. మరి ఫుల్ షీట్ ఏదంటే, అది బేకరీల్లో ఉంటుంది, ఇంటి ఓవెన్‌లో పట్టదు. పట్టని దాంట్లో సగమని పట్టేదానికి పేరు పెట్టుకున్నారు. నాన్నా, దీనిమీద మీరు ఆలోచిస్తూ కూర్చోవద్దు, నేను ఇప్పటికే కూర్చున్నాను.

అమ్మా, ఇది నీకు. ఈ కాల్చడంలో నీకు తెలియనిది ఒక్కటీ లేదు. నీళ్ళు 100 సెంటీగ్రేడ్ దగ్గర ఆవిరవుతాయి. కూర ముక్క మీద తడి ఉన్నంతసేపూ దాని ఒళ్ళు ఆ 100 దాటదు. 140 దాటితేనే ఎర్రబడి కమ్మటి వాసన వస్తుంది. లూయీ కమీల్ మైయార్ అనే ఫ్రెంచి ఆయన 1912లో దీని రసాయనం రాశాడు, అందుకని ఆయన పేరే పెట్టారు. నువ్వు బెండకాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాకే తరిగేదానివి. వేపుడు మీద మూత పెట్టనిచ్చేదానివి కాదు. ఉప్పు ఆఖర్న వేసేదానివి. ఎందుకే అంటే "జిగురొచ్చేస్తాది" అనేదానివి. ఇక్కడి వంట పుస్తకాల్లో అదే మాటని పేజీలకి పేజీలు రాశారు: తడి లేకుండా తుడవండి, ముక్కలు ఒకదాన్నొకటి తగలకుండా పరవండి, లేకపోతే కాలవు, ఉడుకుతాయి. అమ్మ రాయలేదు గానీ, అమ్మకి తెలుసు అనుకున్నాను.

తేడా నూనె దగ్గరే. పళ్ళెం నిండా పరిచిన ముక్కలకి పెద్ద చెంచాతో రెండు చెంచాలు చాలు, చేత్తో పట్టించేస్తాను. చెంచాకి 120 కేలరీలు. నువ్వు మూకుడులోకి సీసా వంచేటప్పుడు ఎన్ని చెంచాలు పడతాయో నేను లెక్కపెట్టను, భయం. దొండకాయ ఇక్కడ గుజరాతీల కొట్లో టిండోరా పేరుతో దొరుకుతుంది, నిలువుగా నాలుగు చేసి కాలిస్తే చివరలు కరకరమంటాయి. చేమదుంప ముందు ఉడికించి, తొక్క తీసి, బియ్యప్పిండి, పసుపు జల్లి పెడితే ఫ్రెంచ్ ఫ్రైస్ దాని ముందు దిగదుడుపే. బొమ్మలకొలువుకి చేసినట్టు వేలెడంత క్యాబేజీలు కూడా దొరుకుతాయి, వాటిని మాత్రం ఓవెన్ తప్ప ఎవరూ బాగుచెయ్యలేరు. వెల్లుల్లి కారం ఆఖర్న, బయటికి తీశాక. ముందేస్తే మాడి పొగ వస్తుంది, పొగొస్తే సీలింగుకున్న అలారం కూస్తుంది, అది కూస్తే పక్కింటివాళ్ళు కుక్కతో సహా బయటికొస్తారు. నిజానికి ఎండుమిరపకాయ తాలింపుకే ఆ యంత్రం ఎక్కువ భయపడుతుంది. ఓవెన్ జోలికి రాదు.

అసలు ఎందుకు మొదలెట్టానో చెప్తాను. ఆఫీసు కింద క్యాంటీన్‌లో దేనితోపాటైనా ఫ్రైస్ ఇస్తారు, అడక్కుండానే. వంద గ్రాముల్లో ఇంచుమించు పదిహేను గ్రాములు నూనే. వేడిగా ఉంటే ఆగలేం. అలాంటప్పుడు ఏడాదికోసారి చేసే రక్తపరీక్షకి వెళ్తే, కాగితం చూసి డాక్టరమ్మ అడిగింది, మీ ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బుతో ఎవరైనా పోయారా అని.

చిన్నాన్నకి నలభై ఆరు. అంబులెన్సు అనకాపల్లి దాటలేదు. ఆ రాత్రి నాన్న ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా అరుగు మీద కూర్చోవడం నాకు గుర్తుంది. "రాత అంతేరా" అన్నారు అందరూ. ఆ డాక్టరమ్మ రాత అనలేదు. మన దక్షిణాసియా వాళ్ళకి గుండెజబ్బు మిగతావాళ్ళకంటే ముందే, ఎక్కువగా వస్తుందని ఇక్కడి హార్ట్ అసోసియేషన్ 2018లో ప్రకటనే ఇచ్చిందని చెప్పింది. మనవాళ్ళ గుండెల మీద 2010 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగో ఊళ్ళల్లో ఒక పెద్ద అధ్యయనం నడుస్తోంది. దాని పొడుగు పేరుని కుదించి "మసాలా" అని పిలుచుకుంటున్నారు. నవ్వాను. తర్వాత కార్లో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు.

నాకేం లేదు. అంకె కాస్త ఎక్కువుంది, అంతే. అమ్మ ఇక్కడ ఏడవకూడదు. నాన్నా, ఆపకుండా చదవండి.

"మాడితే క్యాన్సరు" అని నాన్న పంపిన వాట్సాప్ ఈసారి సగం నిజమే. పిండి ఉన్న దుంపలు బాగా వేడెక్కితే ఆక్రిలమైడ్ అనేది పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది ఓవెన్‌లోనూ పుడుతుంది, మూకుడులోనూ పుడుతుంది. అందుకని దుంపల్ని నల్లబడనివ్వను, బంగారు రంగు రాగానే తీసేస్తాను. బంగాళాదుంప ముక్కలు ఓ పావుగంట నీళ్ళల్లో నానబెట్టి తుడుస్తాను. పచ్చి బంగాళాదుంపలు ఫ్రిజ్‌లో పెట్టను. చల్లదనానికి వాటిలో చక్కెర పెరిగి తొందరగా నల్లబడతాయి. మీరూ పెట్టకండి.

మిమ్మల్ని ఓవెన్ కొనమనడం లేదు. కొంటే నాన్న దానికి కొత్త వైరింగు వేయిస్తారు, వైరింగుకి గోడ పగలగొడతారు, సున్నం వేసే మనిషి దొరకడు. అటక మీదున్న మందపాటి ఇనప పెనం దించండి చాలు. ముక్కలు ఒక వరస పరిచి, రెండు చెంచాలు నూనె, మూత వద్దు, కదపకుండా వదిలెయ్యాలి. అమ్మకి కదపకుండా ఉండటమే కష్టం. అమ్మని హాల్లోకి పంపించి నాన్న పొయ్యి దగ్గర కూర్చోండి. రిటైరయ్యాక ఏదో ఒక డ్యూటీ కావాలంటున్నారుగా.

ఇంకొకటి. ఇద్దరూ పరగడుపున వెళ్ళి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి, సుగరు కూడా. కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. "అంతా బాగుందంటున్నారు" అని రాస్తే ఒప్పుకోను. నాన్నది ఒక ఫొటో, అమ్మది ఒక ఫొటో, అంకెలు కనబడేలా. "నాకేం రోగం" అని అమ్మ ఇప్పుడే అనుంటుంది. ముందు అమ్మదే చేయించండి.

మీ
రత్నం