అమ్మ చెవులతో

వినికిడి పరిశోధనలో మావాడిది అందెవేసిన చెయ్యి. గదిలో కూర్చోబెట్టి బీప్ బీప్‌మనిపించి చెవిని అంచనా కట్టడం వాడికి గిట్టదు. “ఏ ఇంట్లోనైనా బీప్‌లు మోగుతాయా? కుక్కరు కూస్తుంది, కోడలు అరుస్తుంది” అంటాడు.

అందుకని ఇంటి చప్పుళ్లను ఉన్నవి ఉన్నట్టు రికార్డు చేసి ఇయర్‌ఫోన్లలో వినిపించే పని పెట్టుకున్నాడు. చెప్పినంత తేలిక కాదది. శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి తర్వాత చేరుతుంది. సెకనులో వెయ్యో వంతు కూడా ఉండని ఆ తేడాతోనే కుడి ఎడమలు తెలుస్తాయి. ముందు వెనకలు చెప్పేది చెవి డొప్ప మడతలు. ఇందుకోసమే 1970లలో అమెరికాలో కెమార్ అనే బొమ్మని చేశారు. దానికి రబ్బరు చెవులు, కర్ణభేరి ఉండాల్సిన చోట మైకులు. అయితే ఎవరి డొప్ప వాళ్లది. బొమ్మ చెవితో వింటే వెనక మొరిగిన కుక్క ఒక్కోసారి ముందుకొచ్చి మొరిగినట్టుంటుంది. పైగా చెవి గొట్టం 3,000 హెర్ట్జ్ దరిదాపుల్లో శబ్దాన్ని తనంతట తనే పెంచుతుంది. ఇయర్‌ఫోను దూర్చామా, ఆ లెక్క తప్పుతుంది. దాన్ని ఫిల్టరుతో సరిచెయ్యాలి.

బొమ్మ ఎందుకని మావాడు తెనాలి వెళ్లి, వాళ్లమ్మ చెవుల్లోనే రంధ్రం మూసుకుపోకుండా మినపగింజంత మైకులు పెట్టాడు. ఆవిడ ఆడియోగ్రామ్ కూడా వాడే తీశాడు. 1,000 హెర్ట్జ్ దాకా ఢోకా లేదు, 2,000 దాటాక అంతా జారుడే.

హైదరాబాదు వచ్చి కళ్లు మూసుకుని విన్నాడు. అచ్చుగుద్దినట్టుంది. ఎడమపక్క కుళాయి ధార, నెత్తిన ఫ్యాను, ఎక్కడో గాజుల గలగల. వీపు వెనక తన గొంతే.

“ఇల్లు అమ్మేద్దాం. అమ్మని ఏ ఆశ్రమంలోనో చేరిస్తే సరి.”

భార్య గుసగుస: “మెల్లగా! అత్తయ్యగారు వింటారు. మనతోనే ఉంచుకుందామండీ.”

“ఆవిడకి వినపడదులే.”

మావాడికి చెమట పట్టింది. అంతలోనే ధైర్యం వచ్చింది. అమ్మకి ఎంతవరకు వినపడుతుందో అంతే వినిపించే ఫిల్టరు కూడా తన దగ్గరుందిగా! అది వేసి మొదటినుంచీ విన్నాడు. కుళాయి ధార మాయం. గాజులు మాయం. భార్య మాటలైతే ఒక్కటీ లేవు. గుసగుసలో ఉండేది చాలావరకు పై స్థాయి గాలి చప్పుడే కదా. మిగిలింది వాడి బొంగురు గొంతు. హల్లుల అంచులు కాస్త అరిగాయి గానీ మాట ఒక్కటీ పోలేదు.

రికార్డింగు చివర్లో, మైకులు తియ్యడానికి వచ్చి అదే గొంతుతో అడిగాడు: “చెవులు నొప్పెట్టాయా అమ్మా?” ఫిల్టరులోంచి అదీ శుభ్రంగా వినపడింది.

“ఏంటి నాన్నా? గట్టిగా చెప్పు. నాకేం వినపడి చస్తుందీ!” అంది ఆవిడ.