రెండో భాగానికో బహిరంగ లేఖ

రెండో భాగమా,

మహారాజశ్రీ అనాలో చిరంజీవి అనాలో తేలక పిలుపు ఇలా మొదలుపెట్టాను. ఎక్కడున్నావో తెలీదు కనక చిరునామా లేదు. ఏ అటక మీదో, ఏ మంచం కింద ట్రంకుపెట్టెలోనో ఉండి ఉంటావు. పత్రికలో వేస్తే నీకు కాకపోయినా నిన్ను దాచుకున్నవాళ్లకైనా చేరుతుందని ఈ ఉత్తరం.

మా ఇంట్లో పుస్తకాలు సర్దుతున్నాను. అట్టపెట్టెల్లో మగ్గుతున్నవాటిని దింపి, బూజు దులిపి, వేపాకు పరిచి బీరువాకెక్కించే పని. ఒంటరి పుస్తకాలతో గొడవ లేదు. కథలొక అర, కవిత్వమొక అర, ఎప్పటికీ తెగని వ్యాసాలు పై అర. పేచీ అంతా భాగాలుగా వచ్చినవాటితోనే. మొదటిది ఉంటుంది. మూడోదీ ఉంటుంది. నువ్వే ఉండవు.

బారిష్టరు పార్వతీశం సంగతే తీసుకో. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు మొదటి భాగం 1920ల్లోనే రాశారు. తక్కిన రెండూ దశాబ్దాలు ఆగి వచ్చాయి. మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బయల్దేరడం, మద్రాసులో ఆడవాళ్ల టోపీ కొనుక్కోవడం, ఓడ ప్రయాణం, సీమ చేరడం అందరికీ తెలుసు. అక్కడ చదువు ఎలా వెలగబెట్టాడో చెప్పాల్సినదానివి నువ్వు. ఇంటికొచ్చాక ఏమైందో మూడోది చెబుతుంది. నువ్వు లేని మా బీరువాలో పార్వతీశం అలా వెళ్లి ఇలా బారిష్టరై వచ్చేశాడు. అసలు నువ్వనేదానివి ఉన్నావనే తెలియనివాళ్లు బోలెడుమంది. మొదటి భాగంతోనే కథ అయిపోయిందనుకుని సంతోషంగా కాలక్షేపం చేస్తున్నారు. వాళ్లను చూస్తే నాకు అసూయ.

పోయేదానివి ఎప్పుడూ నువ్వే ఎందుకని ఆలోచించాను. పుస్తకం అడిగి పట్టుకెళ్లినవాడు మొదటి భాగం చదివి, బుద్ధిగా తిరిగిచ్చేస్తాడు. ఎందుకంటే వాడికి నువ్వు కావాలి. నిన్ను తీసుకెళ్లాక సగంలో ఆపేస్తాడు. ఆపేసినట్టు చెప్పడానికి మొహమాటం. చెప్పకుండా మూడోది అడగడానికి మొహం చెల్లదు. అలా మూడోది మా ఇంట్లో క్షేమంగా ఉంటుంది, నువ్వు వాడింట్లో ఉండిపోతావు. కొన్నాళ్లకు వాడు ఇల్లు మారతాడు.

పాత పుస్తకాల షాపుల్లో వెతకలేదనుకోకు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదా చూశాను, విజయవాడ లెనిన్ సెంటర్లోనూ చూశాను. ఎక్కడ అడిగినా ఒకటే మాట: “మొదటిదుంది సార్, ఇమ్మంటారా?” ఉండదా మరి. మొదలుపెట్టి మానేసినవాళ్లందరూ అమ్ముకునేది దాన్నే.

ఇందులో ప్రచురణకర్తల చలవ కూడా ఉంది. మూడూ కలిపి వేసేది తక్కువ. ఏది అయిపోతే దాన్ని మళ్లీ వేస్తారు, వేసినప్పుడల్లా సైజు మారుస్తారు. ఎన్నో భాగమో లోపల పేజీలో ఉంటుంది, వెన్ను మీద ఉండదు. అరలో నిలబెట్టాక ఏది ముందో ఏది వెనకో తెలియాలంటే ఒక్కోదాన్నీ బయటికి లాగాలి.

వరస తప్పితే ఏమవుతుందో విశ్వనాథ వారి పురాణవైర గ్రంథమాల చూస్తే తెలుస్తుంది. మొత్తం 12 నవలలు. మగధనేలిన వంశాలకు కోట వెంకటాచలం గారు కట్టిన కాలక్రమం వాటికి ఆధారం. ‘భగవంతుని మీది పగ’తో మొదలుపెట్టాలి. గ్రంథాలయం పద్ధతని అకారాదిగా సర్దామనుకో, ‘అమృతవల్లి’ ముందుకొచ్చి కూచుంటుంది, ‘చంద్రగుప్తుని స్వప్నము’ తర్వాత గాని ‘నందో రాజా భవిష్యతి’ రాదు. నందుల కంటే ముందే చంద్రగుప్తుడన్నమాట! ఇవి కాక నేపాళ రాజవంశ నవలలు 6, కాశ్మీర రాజవంశ నవలలు 6. వాటి జోలికి ఇంకా పోలేదు.

అందరూ ఇంత సతాయించరులే. దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వరసగా చదివితే తెలంగాణ చరిత్ర కళ్లముందు నడుస్తుంది. మధ్యది దొరక్కపోయినా ఏ నవలకా నవల నిలబడుతుంది. భాగాలుగా రాసేవాళ్లు చేయాల్సిన పని అదేనని నా అభిప్రాయం.

రాసిన వరసలో చదవాలా, కథ వరసలో చదవాలా అని ఈ మధ్య పిల్లలు వాదించుకుంటున్నారు. ఆ తగువు తెలుగువాళ్లు ఎప్పుడో తీర్చేసుకున్నారు. నన్నయ 11వ శతాబ్దంలో ఆది, సభాపర్వాలు చెప్పి అరణ్యపర్వం మధ్యలో ఆపాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలినదాన్ని ముట్టకుండా విరాటపర్వం నుంచి 15 పర్వాలు పూర్తిచేశాడు. మధ్య సందును 14వ శతాబ్దంలో ఎర్రన పూరించాడు. అదీ నన్నయే చెబుతున్నట్టు, రాజరాజనరేంద్రుడికే వినిపిస్తున్నట్టు. అందరికంటే ఆఖర్న రాసినవాణ్ని మనం మధ్యలోనే చదువుతాం. అంటే నువ్వు లేకుండా కాలక్షేపం చేయడం ఈ జాతికి తరాల అలవాటే. కాకపోతే వాళ్లకు ఎర్రన దొరికాడు.

నాకు దొరికింది సందు. మొదటికీ మూడోదానికీ మధ్య నీ మందాన ఖాళీ వదిలాను. రెండు రోజులు ఖాళీగా ఉందో లేదో, కరెంటు బిల్లు దూరింది. దాని వెనక మందుల చీటీలు, గ్యాసు పుస్తకం. “జాగా ఊరికే ఉంది కదా అని పెట్టాను” అంది మా ఆవిడ. నిజమే, ఏం చెప్పను? మూడోది పక్కకి ఒరిగి అట్ట వంకరపోతోంది.

చివరగా నీతో కాదు, నిన్ను అట్టేపెట్టుకున్నవారితో ఒక మాట. అయ్యా, అమ్మా, మీ ఇంట్లో ఏ నవలకైనా రెండో భాగం ఒక్కటే ఉంటే అది మీది కాదని మీకూ తెలుసు. ఎవరిదని అడగను, ఎన్నేళ్లయిందని అసలే అడగను. తిరిగిచ్చేయండి. ఇవ్వడానికి మొహమాటమైతే కబురు చేయండి, నా దగ్గరున్న మొదటిదీ మూడోదీ నేనే తెచ్చి మీకిచ్చేస్తాను. మూడూ ఒక ఇంట్లో ఉండాలి, అది మీ ఇల్లయినా సరే.