కార్మికుడికి ప్రమాదం జరిగితే చెవిన పెట్టకూడని సలహాలు

2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు బలైపోయారు. అంతకు ముందు ఏడాది ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది పోయారు. అలాంటి ఘోరం జరిగినప్పుడు మంత్రులు వస్తారు, టీవీలవాళ్లు వస్తారు, కోటి రూపాయల ప్రకటన వెలువడుతుంది. రోలింగ్ మిల్లులో ఒక్కడి చెయ్యి నలిగితే, అపార్ట్‌మెంటు సెంట్రింగ్ మీంచి ఒక్కడు పడిపోతే వాళ్లెవరూ రారు. మేస్త్రీ వస్తాడు, కాంట్రాక్టరు మనిషి వస్తాడు, ఊరి పెద్దమనిషి వస్తాడు. వీళ్లంతా తలా ఒక సలహా చెబుతారు. వాటిని నమ్మి హక్కుగా రావలసిన డబ్బు పోగొట్టుకుంటున్న కుటుంబాలు ఎన్నో. అందుకే ఆ సలహాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

"ఆసుపత్రిలో ఇంట్లో జారిపడ్డానని చెప్పు. ఖర్చంతా మేం చూసుకుంటాం."

చెప్పొద్దు. కట్టు కట్టే ముందే డ్యూటీ డాక్టరు దెబ్బ ఎలా తగిలిందని అడుగుతారు. మీరు చెప్పిన మాట కేసు షీటులోకి, మెడికో లీగల్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. రేపు పరిహారం అడిగితే అవతలి లాయరు మొదట తెరిచేది ఆ పేజీనే. "బాత్‌రూములో జారిపడ్డాడు" అని అందులో ఉంటే, తెగిన వేళ్లు కళ్లముందే ఉన్నా కంపెనీకి సంబంధం లేదని వాదిస్తారు. కంపెనీ పేరు, ఏ మెషిన్, ఏ షిఫ్టు, ఎన్ని గంటలకు అన్నీ చెప్పండి. రాసింది చదివించుకుని వినండి.

"నువ్వు కంపెనీ మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి. కంపెనీని అడిగే హక్కు లేదు."

ఉంది. కంపెనీ తన వ్యాపారానికి సంబంధించిన పనిని కాంట్రాక్టుకిస్తే, ఆ పనిలో గాయపడ్డవాడికి పరిహారం కంపెనీ నుంచే అడగొచ్చు. కంపెనీ ముందు చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకుంటుంది. నియామక పత్రం లేదని దిగులు పడొద్దు. గేట్ పాసు, హాజరు పట్టీ ఫొటో, ఫోన్‌పేలో పడిన కూలి, తోటివాళ్ల సాక్ష్యం దాచిపెట్టుకోండి. బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీకి ఈ ఆధారాలే దిక్కు.

"తప్పు నీదే. గ్లౌజులు ఎందుకు వేసుకోలేదు?"

పనిలో ఏమరుపాటు వల్ల దెబ్బ తగిలినంత మాత్రాన పరిహారం పోదు. తాగి ఉన్నాడు, భద్రతా నిబంధనను కావాలని ఉల్లంఘించాడు అనే వాదన చిన్న గాయాల్లో యజమానికి పనికొస్తుంది. మనిషి చనిపోయినా, ఇక ఏ పనీ చేయలేని వైకల్యం వచ్చినా ఆ వాదన చెల్లదు.

"కోర్టులంటే ఏళ్లు పడుతుంది. ఈ రెండు లక్షలు తీసుకుని సంతకం పెట్టేయ్."

ముందు లెక్క చూడండి. మరణానికి నెల జీతంలో సగాన్ని, పూర్తి శాశ్వత వైకల్యానికి 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన అంకెతో హెచ్చించాలి. 30 ఏళ్లవాడికి ఆ అంకె 207.98. లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి 2020లో 15,000 అయింది. ఆ జీతంతో అతను చనిపోతే 7,500ను 207.98తో హెచ్చించగా వచ్చేది 15,59,850 రూపాయలు. తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు దాచే అంకె ఇదే.

పరిహారం వదులుకుంటున్నానని రాసిచ్చినా అది చెల్లదని 1923 నాటి పరిహార చట్టంలోనే ఉంది. ఆ చట్టం 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్‌లో కలిసినా మూల సూత్రాలు మారలేదు. మరణ పరిహారాన్ని కార్మిక శాఖ అధికారి దగ్గరే జమ చేయాలి. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, చట్టం ఇచ్చే పరిహారం వేరు. ఒకటి వచ్చిందని రెండోదాన్ని వదలొద్దు. ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాళ్లకు వైకల్యమైనా, మరణమైనా ఈఎస్‌ఐ నుంచే నెలనెలా డబ్బు వస్తుంది. ఆ ప్రయోజనానికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న షరతు లేదు, చేరిన మొదటి రోజున దెబ్బ తగిలినా దొరుకుతుంది.

"ముందు కోలుకో. కేసు సంగతి నిదానంగా చూద్దాం."

గడువు రెండేళ్లు. దాటితే ఆలస్యానికి గట్టి కారణం చూపించుకోవాలి. ఈలోగా తోటి కూలీలు ఊళ్లు మారతారు, మేస్త్రీ నంబరు మారుతుంది, సీసీ కెమెరా రికార్డు చెరిగిపోతుంది. కుట్లు విప్పకముందే యజమానికి రాతపూర్వకంగా నోటీసు పంపండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

"ఇది టీబీ. దుమ్ముకీ దీనికీ ఏం సంబంధం?"

షాద్‌నగర్, కొత్తూరు వైపు పలుగురాయి పిండిచేసే మిల్లుల్లో పనిచేసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. సిలికా దుమ్ము ఊపిరితిత్తులను గట్టిపరిచే జబ్బు సిలికోసిస్. ఎక్స్‌రేలో టీబీని తలపిస్తుంది. టీబీ మందులతో అది తగ్గదు. పని మానేసిన ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. ఇది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, దీనికీ పరిహారం ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్తే దగ్గు సంగతితోపాటు ఏ మిల్లులో, ఎన్నేళ్లు, ఏ దుమ్ములో పనిచేశారో చెప్పి చీటీలో రాయించండి.

"లాయరు ఫీజుకు పొలం అమ్ముతావా?"

అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, పారిశ్రామిక విపత్తు బాధితులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా చాలు.

మీ వీధిలో ఎవరికైనా పనిలో దెబ్బ తగిలిందని తెలిస్తే పలకరించి ఊరుకోకండి. ఆసుపత్రి చీటీలో ఏం రాశారో చూడండి, సంతకం పెట్టొద్దని చెప్పండి, 15100 నంబరు రాసి వాళ్ల చేతికివ్వండి.